అందరికీ కనబడే చోట

2008 సెప్టెంబరు. విజయవాడ గుణదలలో తౌఫీక్ ఇంటర్నెట్ సెంటరు. బెంగుళూరు నుంచి హడావుడిగా వచ్చిన ఎలిజబెత్, ఆమెను పెంచిన అమ్మమ్మ శౌరమ్మ, సెంటరు నడిపే తౌఫీక్ ఎలిజబెత్ ఆఫీసు నుంచి రావలసిన ఒక ఫోను కోసం ఎదురుచూస్తున్నారు.

"ఇంకోసారి చెప్పు అమ్మమ్మా. ఆవిడ ఫోను చేసి, రాయించింది మీరేనా అని అడిగితే ఏమంటావు?"

"నేనేనండీ అంటా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వు చెప్పమన్నది చెప్తా."

"అదే, ఏంటది? పైకి చెప్పు."

"పైకి చెప్పాలంటే నోరు తిరగట్లేదే. నువ్వు హైదరాబాదులో రెండేళ్లు..."

"రెండేళ్లు?"

"ఉద్యోగం చేశావు. అమీర్‌పేటలో. కంప్యూటరు కంపెనీలో."

"ఆగావు చూడు, అక్కడే దొరికిపోతాం. తడుముకోకుండా చెప్పాలి."

"తడుముకోకుండా చెప్పాలంటే జరిగిందై ఉండాలి కదే. ఆ రెండేళ్లూ నా మిషను పక్కన కూచుని స్కూలు యూనిఫారాలకి కాజాలు కుట్టావు. అది అడగమను, ఏ బడి చొక్కాకి ఏ రంగు దారమో కూడా చెప్తా."

"ఆ కాజాలే నా కొంప ముంచాయి. తౌఫీక్ అన్నా, ఆ ప్రింటు ఒకసారి చదువు. ఏం రాయించిందో తనకి వినపడాలి."

"ఎందుకు చెల్లెమ్మా, మామ్మగారికి తెలుసుగా."

"చదువన్నా."

"సరే. ‘ఎలిజబెత్‌కి అమ్మమ్మ శౌరమ్మ దీవించి రాయించేది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఇంట్లో ఉండి, నాతోపాటు కాజాలు కుట్టి, కళ్లు పోగొట్టుకున్నావు. మేరీమాత దయవల్ల ఇది నీ మొదటి ఉద్యోగం. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు. వేళకి తిను. నువ్వు గుణదల శౌరమ్మ మనవరాలివని మర్చిపోకు.’ అంతే."

"బాగానే ఉందిగా."

"బాగుంది అమ్మమ్మా. మా ఆఫీసులో అందరికీ బాగుంది. ఒకళ్లకొకళ్లు పంపించుకున్నారు. అన్న తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు కదా, బెంగుళూరులో ఎవరికి అర్థమవుతుందిలే అనుకున్నా. సగం మంది మనవాళ్లే."

"నేను ఆ రోజే చెప్పా చెల్లెమ్మా. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఆర్కుట్ సైట్లో మన పేజీ మీద వేరేవాళ్లు రాసే స్క్రాపులు ఫ్రెండ్స్‌కి మాత్రమే కనబడేట్టు పెట్టుకోవాలని. గోడ మీద రాసి కూడా అంటించా."

"పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదని కదా అక్కడుంది."

"దాని కిందే ఉంది. ఏసీ నీళ్లు కారి చెరిగిపోయింది."

"ఇప్పుడు చెరిపెయ్యలేమా తౌఫీకూ? నీ కంప్యూటర్లోంచే కదా పోయింది."

"మొన్నే చెరిపేశా మామ్మగారూ. వాళ్లు అంతకు ముందే ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నారు. అమెరికాలో బ్యాంకులు మునిగాయంట కదా, కంపెనీలన్నీ ఎవర్ని తీసేద్దామా అని సాకులు వెతుకుతున్నాయి."

"అయినా దరఖాస్తులో ఆ రెండేళ్ల ఉద్యోగం ఎందుకు రాశావే? లేనిది ఎందుకు రాయాలి?"

"ఉన్నది రాస్తే ఎవడన్నా పిలిచాడా? ఇదే కుర్చీలో కూచుని ఎన్ని సైట్లలో పెట్టా? అనుభవం లేదు అని రాసినన్నాళ్లూ ఒక్క ఫోను రాలేదు. అమీర్‌పేట కన్సల్టెన్సీ వాడు రెండేళ్లు పనిచేసినట్టు సర్టిఫికెట్టు చేసిచ్చాడు. అది పెట్టిన వారంలోనే పిలిచారు. నా ఒక్కదానికేనా? మా బ్యాచిలో చాలామంది అలా చేరినవాళ్లే."

"వాళ్లెవర్నీ పట్టుకోలేదుగా."

"వాళ్ల అమ్మమ్మలు ఆర్కుట్‌లో రాయలేదు."

"అయితే నీ కొంప ముంచింది నేనేగా."

"ఏడవకు. నేను తిట్టట్లేదు. ఇప్పుడు తీసేస్తే బ్లాక్‌లిస్టులో పెడతారు అమ్మమ్మా. ఇంకే కంపెనీ రానివ్వదు. మళ్లీ కాజాలే. అది చిన్న పనని కాదు, నేను... నేను ఇంక ఆ మిషను పక్కన కూచోలేను."

"కూచోవద్దులే. చెప్తాలే. ఏం చెప్పాలో అదే చెప్తా."

"ఇంకో మాట. నీకు చదువు రాదని చెప్పు."

"రాదా?"

"రాదనే చెప్పు. చదువురాని ముసలావిడ తెలియక ఏదో రాయించిందంటే నమ్ముతారు."

"నేను పొద్దున్నే పేపరు మొత్తం చదువుతా. బైబిలు రెండుసార్లు చదివా. నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు. మీ అమ్మ ఉత్తరాలు పోస్టుమాన్ చేత చదివించుకోలేక నేర్చుకున్నా. అదీ లేదనాలా?"

"ఈ ఒక్క పూటకి."

"సరే. వేలిముద్రే అంటా."

"అసలు నీకెందుకు తట్టింది అమ్మమ్మా, అక్కడ రాయించాలని? నాకు ఫోను చేసి చెప్తే సరిపోయేదిగా."

"ఫోను చేస్తే నువ్వు మీటింగులో ఉన్నానంటావు. ఇక్కడ వేరే పిల్లలు రాస్తుంటే చూశా. ఇది ఎవరెవరికి కనబడుతుంది బాబూ అని అడిగా. ప్రపంచంలో అందరికీ కనబడుతుంది మామ్మగారూ అన్నాడు. అంతేనా తౌఫీకూ?"

"అన్నానండి. గొప్పకి అన్నా."

"అందరికీ కనబడేట్టయితే మంచిదే అనుకున్నా. ఎవరి పిల్లవో, ఏ ఊరో, ఏం చేసేదానివో అక్కడ రాసి ఉంటే, రేపు ఏదన్నా అయినా వెతికేవాళ్లకి దొరుకుతావు కదా అని."

"అమ్మ సంగతి ఇప్పుడు తియ్యకు."

"నేను తియ్యలేదు. నువ్వే ఎందుకు రాయించావని అడిగావు."

"మామ్మగారూ, సలోమి అక్క కువైట్ వెళ్లి ఎన్నాళ్లయిందండీ?"

"దీనికి ఏడేళ్లప్పుడు. ఏజెంటు ఇచ్చిన పాస్‌పోర్టులో బొమ్మ ఒక్కటే మా అమ్మాయిది. పేరు మార్తమ్మ, ఊరు కడప, వయసు పదేళ్లు ఎక్కువ. ఇళ్లల్లో పనికి చిన్నవాళ్లని పంపనివ్వరంట, అందుకని. అందరూ అలాగే వెళ్తున్నారమ్మా, కాగితమే కదా అన్నాడు."

"అందరూ అలాగే వెళ్లేవాళ్లు అప్పట్లో. మా వీధిలో కూడా."

"కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. ఏజెంటు ఇల్లు ఖాళీ చేశాడు. కలెక్టరాఫీసుకి తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి. చివరికి ఒకాయన ఫైలు మూసేసి, మామ్మగారూ, మీ సలోమి అసలు దేశం దాటనే లేదు అన్నాడు. దాటకపోవడం ఏంటయ్యా, బొంబాయి రైలెక్కించింది నేను. కిటికీలోంచి చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది నేను. కాగితం మీద లేదు కాబట్టి లేదంతే అన్నాడు."

"అమ్మమ్మా, చాలు. ఆవిడ ఫోను చేసే వేళయింది. గొంతు మారిపోతుంది నీకు."

"ఒక్కటి చెప్పు. బెంగుళూరే కదా? ఇంకెక్కడికీ కాదు కదా?"

"బెంగుళూరే. ఎన్నిసార్లు అడుగుతావు?"

"పెట్టె నిండా కొత్త బట్టలు కొన్నావంటే అడిగా."

"ఆఫీసుకి వేసుకోవద్దా? అన్నా, నువ్వు కూడా మాట్లాడాలి. ఆ స్క్రాపు పెట్టిన ఐడీ నీదని నిన్నూ అడుగుతారు."

"చెల్లెమ్మా, రంజాన్ నెల. రోజాలో ఉన్నా. నాతో అబద్ధం చెప్పించకు."

"అబద్ధం చెప్పకు. నిజం కూడా చెప్పకు."

"అది నా వ్యాపారంలో అలవాటే. ఇదిగో, మోగుతోంది."

"అమ్మమ్మా, ఇటు జరుగు. హలో మేడం. గుడ్ మార్నింగ్ మేడం. ఉన్నారు మేడం, ఇద్దరూ ఉన్నారు. స్పీకర్లో పెట్టా."

"నా పేరు ఛాయాదేవి అండీ, హెచ్ఆర్ నుంచి. ఐడీ ఎవరిది?"

"నాదేనండి. తౌఫీక్‌ని. సెంటరు నాది."

"ఆ స్క్రాపు మీరు రాశారా?"

"టైపు చేశానండి. మామ్మగారు చెప్పింది చెప్పినట్టు. నా మాట ఒక్కటీ కలపలేదు."

"ఎలిజబెత్ మా దగ్గర చేరకముందు ఎక్కడ పనిచేసేది?"

"ఎవరింటి సంగతి వాళ్లే చెప్పాలండి. మామ్మగారు పక్కనే ఉన్నారు."

"సరే. నమస్కారం అమ్మా. కంగారు పడకండి, మాదీ ఇటే. తెనాలి."

"తెనాలా అండీ. మా ఆడపడుచుని కొల్లిపర ఇచ్చాం."

"అలాగా. అమ్మా, మీరేమో మొదటి ఉద్యోగం అని రాయించారు. అమ్మాయేమో రెండేళ్లు చేశానని రెజ్యూమెలో పెట్టింది. ఏది నిజం?"

"రెండూ నిజమేనండి."

"అదెలా?"

"అమీర్‌పేటలో చేసిందండి. నలుగురుండే చిన్న కంపెనీ. జీతం ఒక నెల ఇస్తే ఒక నెల ఇచ్చేవాళ్లు కాదు. దాన్ని ఉద్యోగమని మేమెవరం అనుకోలేదు. వీధిలో అడిగితే నేర్చుకుంటోంది అని చెప్పేదాన్ని. మీ దగ్గర చేరాకే మెళ్లో కార్డు చూశా. అందుకని మొదటిది అన్నా."

"మరి రెండేళ్లు ఇంట్లో ఉందని, కాజాలు కుట్టిందని?"

"ఆదివారాలు వచ్చేదండి. వచ్చినప్పుడల్లా కుట్టేది. ముసలిదాన్ని కదండీ. అది నా ఎదురుగా ఉన్న రోజులే గుర్తుంటాయి. లేని రోజులు లెక్కలోకి రావు."

"మీరు చదువుకున్నారా అమ్మా?"

"లేదండి. చదువు రాదు. వేలిముద్రే."

"సరేనమ్మా. ఇంక నేను అడిగేదేం లేదు. మా అమ్మమ్మా ఇంతే, నేను లెక్చరర్‌గా చేసింది కూడా ఉద్యోగం కాదనేది. ఎలిజబెత్, నోటు రాసి ఫైలు క్లోజ్ చేస్తున్నా."

"థాంక్యూ మేడం. చాలా థాంక్స్ మేడం."

"కానీ ఒకటి. ఆ ప్రొఫైలు వెంటనే లాక్ చేసుకో. ఇంటి విషయాలు, ఆఫీసు విషయాలు అలా బజార్లో పెట్టకూడదు. ఈసారి నా దగ్గరికి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే ఫోను కూడా చేసేవాళ్లు కాదు."

"ఇవాళే చేస్తా మేడం. ఉంటాను మేడం."

"ఉండు. నీ ఒక్కదాని కోసమే మస్కట్ టీం కాగితాలన్నీ ఆగాయి. మధ్యాహ్నం వీసాకి పంపించేస్తా."

"మేడం, ఆ సంగతి నేను తర్వాత మాట్లాడతా..."

"ఎక్కడికండీ?"

"మస్కట్ అమ్మా. మీకు చెప్పలేదా? ఒక ఏడాది ప్రాజెక్టు. మంచి అవకాశం."

"మస్కట్ అంటే కువైట్ వైపేనా అండీ?"

"అటువైపే. భయం లేదమ్మా, కంపెనీయే ఇల్లు చూస్తుంది."

"అమ్మమ్మా, ఫోను ఇలా ఇవ్వు."

"ఆగవే. మేడం గారూ, అక్కడి వాళ్లకి ఇచ్చే కాగితంలో దీని గురించి ఏం రాస్తారండీ?"

"పేరు, చదువు, ఎక్స్‌పీరియన్స్. మా రికార్డులో ఉన్నదే."

"అమీర్‌పేటలో చేసిందని కూడానా?"

"అవునమ్మా. దాన్ని బట్టే వీసా ఇస్తారు. ఎందుకు అడుగుతున్నారు?"

"అమ్మమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. పేరు నాదే. ఊరు మనదే. అమ్మకి జరిగినట్టు జరగదు. చెప్పు అన్నా, నువ్వన్నా చెప్పు."

"మామ్మగారూ, పిల్ల బతుకండీ. ఆలోచించండి."

"ఎలిజబెత్, ఏం జరుగుతోంది అక్కడ?"

"ఏం లేదు మేడం. పెద్దావిడ, దూరం అనేసరికి కంగారు పడుతోంది. నేను మళ్లీ చేస్తా మేడం..."

"పెట్టెయ్యకండి మేడం గారూ. మా పిల్ల ఏ అమీర్‌పేటలోనూ పనిచెయ్యలేదు. ఆ రెండేళ్లూ నా పక్కనే ఉంది."