మెరూన్ చుక్క

మధ్యాహ్నం. మెకానిక్ షెడ్డులో ఒక పాత కారు. దాని పక్కన మెకానిక్, చేతిలో గోనెసంచితో ఒక ఇల్లాలు.

“అయితే ఈ సంచిలోవి మా కారువే అంటావు.”

“మీవే అక్కా. షాకబ్సర్లు రెండు, బాల్ జాయింట్లు, బుష్‌లు. ఊడదీసిన పాతవి చేతికివ్వకుండా నేనెవరి బండీ పంపను. నీకు తెలియనిదా.”

“తెలుసు కాబట్టే సంచి విప్పి చూశాను. మళ్ళీ అడుగుతున్నా. మావేనా?”

“మీవే. చూడు, నూనె ఎలా కారిపోయిందో. ఇలా నొక్కితే లోపలికి పోవడమే కానీ మళ్ళీ పైకి రావడం లేదు. మీటరు రెండు లక్షలు దాటిన బండి. ఇన్నాళ్ళు మోశాయంటేనే గొప్ప.”

“మావాటికి మెరూన్ చుక్క ఉండాలి.”

“ఏం చుక్క?”

“గోళ్ళరంగు. మా ఇంట్లో గిన్నెల అడుగున, గ్యాస్ బండ మీద, గొడుగు పిడికి, అన్నిటికీ ఉంటుంది. పక్కింటికి పోయిన మూతని కూడా ఆ చుక్క చూసే వెనక్కి తెచ్చుకుంటాను. ఆ రోజు చక్రాలు ఊడదీసి, ఏమేం అరిగాయో చూపించి నువ్వు టీకి వెళ్ళావే, అప్పుడు మావాటికీ పెట్టాను.”

“షాకబ్సర్లకా?”

“రెండిటికీ.”

“నూనె తగిలి పోయుంటుందక్కా.”

“రోజూ అంట్లు తోమినా నా గోళ్ళ మీంచి పోదది. నూనెకి పోతుందా.”

“మరైతే సంచులు మారిపోయుంటాయి. షెడ్డన్నాక…”

“సరే, మారిపోయాయే అనుకుందాం. కారెక్కడికీ పోలేదుగా. ఆ ముందు చక్రం ఊడదియ్యి. కొత్తవి కళ్ళారా చూసి వెళ్ళిపోతాను.”

“ఇప్పుడా? సాయంత్రం మీ తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు కదా, ఈలోపు మళ్ళీ…”

“వాడొచ్చేలోపే చూడాలి. పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని తిరుగుతాడు ఇందులో. ఆ బాల్ జాయింట్ ఊడితే నడుస్తున్న బండికి చక్రం అడ్డం తిరిగిపోతుందని నువ్వే చెప్పావు. నువ్వు చెప్పాకే కదా, కొత్తవి వేయించి మరీ తమ్ముడికిద్దామన్నాను.”

“చెప్పాననుకో…”

“అనుకోవడం కాదు, చెప్పావు. ఊడదియ్యి.”

“…ఇదిగో. చూడు, ఎలా నిగనిగలాడుతోందో. కొత్తదే.”

“ఆ పైన, అంచుకి కాస్త కింద. గోరుతో గీకు.”

“అక్కా.”

“గీకు నాయనా.”

“గీకుతున్నా.”

“ఏం కనబడింది?”

“మెరూన్.”

“గట్టిగా చెప్పు.”

“మెరూన్ చుక్కక్కా. నువ్వు పెట్టిందే.”

“కడిగి, నల్లరంగు కొట్టి, మళ్ళీ అవే బిగించావు. ఎవరివో తుక్కు తెచ్చి సంచిలో వేశావు. మా తమ్ముడితో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడివి. వాడి పక్కన కూర్చోబెట్టి నీకూ అన్నం కలిపి పెట్టాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని.”

“నేనేం తినలేదక్కా. నీ మీదొట్టు.”

“నా మీద ఒట్లు తరవాత. కొత్తవేవి? మా ఆయన దగ్గరుండి కొని, అట్టపెట్టెలు విప్పకుండా నీ చేతికే ఇచ్చారట. ఇందాక గుమ్మంలో ఆపి అడిగితే అదే మాట.”

“ఇచ్చారు.”

“ఇస్తే?”

“ఇచ్చి, మళ్ళీ… వద్దన్నారు.”

“ఎవరు?”

“బావగారే. ఉన్నవాటికే రంగు కొట్టి బిగించెయ్యమన్నారు. పెట్టెలు వెనక్కి తీసుకెళ్ళిపోయారు.”

“అదీ సంగతి. నాకు మొదట్నుంచీ అనుమానమే.”

“అక్కా, ఆయన్ని ఏమీ అనకు. ఏదో…”

“ఎందుకనను? మావాడంటే ఆయనకెప్పుడూ చులకనే. తమ్ముడికి కారిద్దామంటే, ‘ఇవ్వడానికేం, వాడు నిలుపుకుంటాడా’ అన్నారు. నేను అలిగి మాట్లాడ్డం మానేశాకే ఈ సామాన్లన్నీ కొనుక్కొచ్చి బల్ల మీద పరిచారు. ఎంత పొంగిపోయానో. ఆటంతా నా కళ్ళ ముందే ఆడారన్నమాట. పైగా ఇందాక నా మొహం చూసి, ‘నువ్వెలాగూ నమ్మవులే’ అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ పౌరుషమొకటి.”

“కోపంలో అనుంటారు.”

“కోపమెవరికి రావాలి? అమ్మ పోయినప్పుడు వాడికి ఊహే తెలియదు. చంకనేసుకుని పెంచాను. నా పెళ్ళినాడు కారు వెనక ఏడుస్తూ పరిగెత్తాడు, వీధి చివరిదాకా. వాడి పిల్లలెక్కే బండికి ఇలా చెయ్యడానికి ఆయనకి మనసెలా ఒప్పింది? ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్నట్టే బతికాం.”

“కాసేపు కూర్చో అక్కా. మంచినీళ్ళు తెస్తాను.”

“అక్కర్లేదు. చేసింది ఆయనైతే నీకెందుకు చెమటలు పడుతున్నాయి?”

“ఎండ.”

“నీ ఫోను మోగుతోంది.”

“మోగనీ.”

“మావాడి ఫోటోనేగా అది. మాట్లాడు.”

“తరవాత చేస్తాన్లే. చేతులకి గ్రీజు.”

“నా చేతులకి లేదుగా. ఇటివ్వు, స్పీకర్లో పెడతాను. వాళ్ళ బావ చేసిన ఘనకార్యం నేనే చెబుతాను వాడికి.”

“అక్కా, వద్దు. నా మాట విను, వద్దు…”

“ఒరేయ్, రంగు ఆరిందా? కారు కొనేవాళ్ళు సాయంత్రం వస్తున్నార్రా. నువ్విచ్చిన ఆ కొత్త సెట్టుకి కూడా బేరం తగిలింది. ఒకవేళ అక్కగానీ అక్కడికొస్తే గాభరా పడకు, మనం అనుకున్నట్టే బావ వద్దన్నాడని చెప్పెయ్. బావ మీద ఏం చెప్పినా అక్క ఇట్టే నమ్ముతుంది.”