వైరస్ ఏ రోజు ఎక్కింది

రెండు కాళ్లూ సమానంగా లేనివాళ్లకి బూట్లు కుట్టే షాపు, వెనకగది. కంప్యూటర్ ముందు రిపేరాయన. అతని వెనకే నిలబడి షాపు నడిపే ఆవిడ.

"ముట్టుకోవద్దన్నానా అమ్మా?"

"ముట్టుకోలేదు అన్నయ్యా. దుమ్ము తుడిచాను."

"దుమ్ము తర్వాత తుడుద్దురుగాని. ముందు మీ పాదాలు బయటికి లాగనివ్వండి."

"దొరుకుతాయా? నిజం చెప్పండి. మూడొందల పన్నెండు మంది పాదాలు. పదకొండేళ్లుగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కొలిచి గీసినవి. అవి పోతే ఇక నేను మామూలు చెప్పులమ్ముకోవాలి."

"దొరుకుతాయి. ఈ వైరస్ ఫైళ్లని తినదు. దాచేసి, వాటి పేరు పెట్టుకుని తను కూర్చుంటుంది. మీరు పాదం అనుకుని నొక్కేది దాన్నే. అందుకే కంప్యూటర్ని దాని డిస్కు మీంచి లేపకుండా నా పెన్‌డ్రైవ్ మీంచి లేపాను. ఇప్పుడు అది నిద్రలో ఉన్నట్టు లెక్క. బొమ్మలు మాత్రం ఏరి ఇంకో డిస్కులో పెడతాను. తర్వాత ఇదంతా తుడిచేసి మళ్లీ మొదట్నించి ఎక్కిస్తాను."

"ఈ పెన్‌డ్రైవ్ మంచిదేనా?"

"కొత్తది."

"మీ మెడలో వేలాడేది ఒకటుండేది కదా, ఎర్రది. తాళిబొట్టులా తీసేవారే కాదు."

"పారేశాను. ఇదిగో, నలభై వచ్చాయి చూడండి."

"ఇది... ఇది బడిపిల్ల పాదం. ఎడమది రెండంగుళాలు పొట్టి. హమ్మయ్య. అన్నయ్యా, ఏ రోజు ఎక్కిందో తెలుస్తుందా?"

"ఏది?"

"వైరస్."

"ఎక్కింది, దిగుతోంది. తారీఖుతో పనేముంది?"

"పనుంది. మా చెల్లెలి ముందు పెట్టాలి."

"అవునూ, ఆవిడ కనబడరేం ఇవాళ?"

"ఇంటికి పంపేశాను. పదిరోజులైంది."

"పంపేశారా?"

"ఎవరు ఏ మెయిల్ పంపినా ముందూ వెనకా చూడకుండా తెరుస్తుంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. దాని వల్లే ఇదంతా. ఆ తారీఖూ ఆ మెయిలూ పక్కపక్కన పెట్టి కాగితం మీద రాసివ్వండి. రేపు అమ్మ దగ్గరికెళ్లి, నేను అన్యాయంగా గెంటేశానని చెప్పుకోకుండా."

"నూట పది వచ్చాయమ్మా."

"తారీఖు అడిగాను."

"చూడాలి. అది అంత తేలిగ్గా..."

"ఇందాక కంప్యూటర్లో ఏదో చిట్టా తెరిచి చదువుకున్నారుగా. నేను రాగానే మూసేశారు."

"అది వేరే."

"ఏం వేరే?"

"కాసిని మంచినీళ్లివ్వండమ్మా."

"మీ చేతి పక్కనే ఉన్నాయి."

"ఈ వారంలో నాకిది నాలుగో కంప్యూటర్. ఇదే వైరస్."

"ఊరంతా పాకిందా?"

"ఊరంతా కాదు. నేను వెళ్లిన చోటల్లా."

"అంటే?"

"మందులషాపు. స్టూడియో. డ్రైవింగ్ స్కూలు. మీరు. నాలుగు చోట్లా నెల మొదట్లో నా చేత్తో ఏదో ఒకటి ఎక్కించాను. ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ మీంచే. నిన్న దాన్ని విప్పి చూస్తే అందులో ఉంది పుట్ట."

"నాకు ఎక్కించింది పాదాలు గీసే కొత్త ప్రోగ్రామేగా."

"అదే. కొనకుండా అయ్యే దారి చూడమన్నారు మీరు. చూశాను. అలాంటి దొంగ ప్రోగ్రాం లోపలికి రావాలంటే, వైరస్‌లని ఆపే కాపలా ప్రోగ్రాం ఒప్పుకోదు. దాన్ని కాసేపు ఆపాలి. మేమందరం అలాగే చేస్తాం. పనవగానే మళ్లీ పెట్టేస్తాం."

"పెట్టారా?"

"స్టూడియో నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ బండెక్కాను."

"పెట్టారా అన్నయ్యా?"

"లేదు. నాలుగో తారీఖు సాయంత్రం అయిదూ పదికి ఆపినట్టు ఉంది చిట్టాలో. మళ్లీ పెట్టినట్టు లేదు. అయిదూ పన్నెండుకి ఎక్కింది వైరస్. అప్పుడీ కుర్చీలో ఉన్నది నేనే."

"దానికి ముందే చెల్లెలు మెయిల్ తెరిచుంటుంది."

"తెరిచారు. ఆరో తారీఖున. అది కూడా చూశాను. ఎవరో తండ్రి పంపాడు, కూతురి పాదం ఫోటో. పాదం తప్ప అందులో ఇంకేం లేదు."

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారు? తారీఖు అడుగుతుంటే నీళ్లంటారు, నూట పదంటారు."

"నోరు రాలేదమ్మా. ఇరవయ్యేళ్లుగా ఈ వీధిలో నా మాట మీదే బతుకుతున్నాను. తప్పు నాది. ఫోన్ కలపండి, మీ చెల్లెలుగారికి నేనే చెప్తాను."

"ఆగండి."

"కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ముందు కలపండి."

"ఆగండన్నానా. కాదు, మీరేదో పొరబడ్డారు. అది నాతో తనే చేశానంది."

"ఎవరు?"

"చెల్లెలు. ఇక్కడే నిలబడి, నేనే చేశానక్కా అంది. చెయ్యని పని చేశానని ఎవరైనా ఎందుకంటారు?"

"మీరడగ్గానే అన్నారా?"

"అడగ్గానే కాదు. ముందు తెలీదంది."

"తర్వాత?"

"నాకు తెలిసి నేనేం చెయ్యలేదక్కా అంది. అబద్ధమన్నాను. ఏడ్చింది. ఏడుపాపి చెప్పమన్నాను. అమ్మ మీద ఒట్టేసింది. అమ్మని మధ్యలోకి లాగకన్నాను. అన్నానికి లేస్తానంటే కూర్చోమన్నాను."

"ఎన్నిసార్లు అడిగారమ్మా?"

"ఒప్పుకునేదాకా."