ఒక దందాకు ఒక్కటే కుర్సి

(రెజిమెంటల్ బజార్‌లో బ్రహ్మచారి అనే ఆయన ట్రంకుపెట్టెల దుకాణం. పక్క దుకాణం హరికిషన్‌ది. అతను చేసేదీ ఆ పనే. పొద్దున, షట్టర్లు తీసే వేళ.)

"...గట్లనే నిలవడి ఉంటవా హరీ? ఛాయ్ చల్లారుతుంది. కూసో."

"కూసోమంటవా బ్రహ్మచారన్నా? ఏడాది సంది నీ దుకాణం మెట్టెక్కలే నేను. తిడ్తవనుకున్న."

"తిట్టనీకె నోరు తెరవాలె గద. నా దవడ చూడు."

"అరె! గింత వాచిందేంది?"

"పన్ను పీకించుకున్న. ఇడువు. నీ సంగతి చెప్పు. పొద్దుగాల పొద్దుగాల ఆ కోటేంది? పెండ్లి చూపులా?"

"నవ్వు, నవ్వు. గురువారం గద, మా గ్రూపు మీటింగు. హోటల్ల. కోటు లేకుంటే లోపటికి రానియ్యరు."

"చంకల కాడ కోస్తది గద కోటు."

"నీకెట్ల ఎర్క?"

"...మా బామ్మర్ది పెండ్లిల ఏసుకున్న. గ్రూపంటే?"

"నలభై మంది వ్యాపారస్తులం. ఒక దందాకు ఒక్కటే కుర్సి. ఒక్క ప్లంబరు, ఒక్క వకీలు, ఒక్క పండ్ల డాక్టరు, ఒక్క పెట్టెలోడు. ఒకరికొకరం గిరాకీలను పంపుకోవాలె. ఎవరిని ఎవరి దగ్గరికి పంపినవో వారం వారం చిట్టీ రాసియ్యాలె."

"ఇయ్యకపోతే?"

"అందరి ముందల నిలవెడ్తరు. నలభై ఎనిమిదేండ్లొచ్చినయి నాకు, హోంవర్క్ చెయ్యని పోరగాని లెక్క నిలవడ్డ. ఇడ్లీ గొంతుల ఇరికింది."

"మరేం చేసినవ్?"

"ఏం చేస్త? ఇంట్లోళ్ళనే పంపిన. పండ్ల డాక్టరుకు గిరాకి ఇయ్యాల్నని మా అత్తమ్మ శారదమ్మను తోల్కపోయిన."

"పుచ్చిందా పన్ను?"

"యాడ పుచ్చిందన్నా! రాయి లెక్క గట్టిగుండె. ఆ వయసుల చెరుకు నమిల్తది ఆమె. ఉత్తగ చూపెట్టుకుందాం రా అత్తమ్మా అని తీస్కపోయిన. డాక్టరు సుత చిట్టీ నింపుకోవాలె గద, పీకేసిండు. ఇప్పటికీ నా పెండ్లాం స్వర్ణలత నాకు ఉప్పు లేని కూర పెడ్తది."

"అయ్యో..."

"నువ్వెందుకు దవడ పట్టుకుంటున్నవ్?"

"ఏం లే. సలుపుతుంది. ఇంక?"

"ఇంకేంది, వాస్తు ఆయనకు నేనే గిరాకినయిన. దుకాణం తలుపు తూర్పుకు తిప్పుమన్నడు. తిప్పిన. ఇప్పుడు స్టేషన్ దిక్కెంచి వచ్చెటోనికి నా గోడ కనవడ్తది. గోడ దాటంగనే నీ దుకాణం."

"ఔ గద! ఈ నడుమ నాకు గిరాకి పెరిగిందేందా అనుకున్న."

"వాస్తు మస్తుగ పని చేసిందన్నా. నీకు."

"నీ దిక్కు మొఖం పెట్టి నవ్వలేకపోతున్న హరీ. కుట్లు తెగుతయి."

"ఇంకొకటి విను, పూర్తిగ తెంపుకో. ఆడ ప్రతి ఒక్కలకు ఒక నిమిషం ఇస్తరు, లేచి దందా గురించి చెప్పుకోవాలె. నేను లేచి ఏమన్ననో ఎర్కనా? సికింద్రాబాద్ మొత్తం మీద పెట్టెలంటే నేనొక్కన్నే అన్న. చప్పట్లు కొట్టిన్రు. మా నాయిన పోయినంక నాకు రేకు మడత పెట్టుడు నేర్పింది నువ్వు. ఆ టైముకు ఈడ సుత్తె పట్టుకోని కూసునే ఉంటివి."

"ఉంటి."

"అయినా నేనొక్కన్నే అన్న. సిగ్గయితుందన్నా."

"సిగ్గు పడనీకె రాలేదు నువ్వు. అసలు ముచ్చట చెప్పు."

"ఆర్డర్ వచ్చింది."

"మంచిదే గద!"

"అదే తక్లీఫ్. మౌలాలి దిక్కు ఒక హాస్టల్ బడి. పిల్లలకు అయిదు వందల పెట్టెలు కావాలె. జూన్ల బడి తెరిచేలోపల."

"అయిదు వందలా! నీ దగ్గర ఉన్నదే ఒక్క మిషిను."

"ఇద్దరు పనోళ్ళు. అందుల ఒకడు నేనే."

"మునుపట్ల అయితే..."

"మునుపట్ల అయితే పెద్ద ఆర్డర్ ఎవలకొచ్చినా గల్లీల నాలుగు దుకాణాలోళ్ళం పంచుకుంటుంటిమి. తెచ్చినోడు అందరికీ ఛాయ్ తాపాలె. గంతే రూలు. కోటు లేదు, చిట్టీ లేదు."

"మరెందుకిడిచినవ్?"

"గ్రూపుల చెప్పిన్రు. మన దందా చేసెటోడు దోస్తు కాదు, కాంపిటీటర్ అన్నరు. ఆ మాట తలకెక్కింది. నీ దుకాణం ముందట్నించి పోవాలంటే ఫోన్ చెవుకు పెట్టుకోని మాట్లాడుకుంట పోయేది. అవుతల ఎవ్వలు లేకుంటుండె."

"ఎర్కే. ఒకపారి నీ చెవు కాడ ఉండంగనే మోగింది."

"చూసినవా?"

"గల్లీ అంత చూసింది. సరే, రేటన్న మంచిగొచ్చిందా?"

"గదొక్కటి అడక్కన్నా."

"ఎందుకు?"

"బొల్లారంల ఇంకో గ్రూపుందట. ఆడి పెట్టెలోడెవడో అడ్డమొచ్చిండు. నేనొక రేటు చెప్తే వాడు తగ్గించిండు. నేనింక తగ్గిస్తే వాడింక తగ్గించిండు. ఆఖరికి రేకు కొన్న ధర సుత రాకుంట పోయింది."

"ఎవడో కనుక్కోలేదా?"

"పేరు చెప్పరు. ఎవడో ఒట్టి గాడిది."

"గాడిదనకు."

"అంటా! దందా తెల్వని గాడిది. దిమాక్ ఉన్నోడు ఆ రేటుకు పెట్టె చేస్తడా?"

"వానికి సుత ఏం పరేషాన్ ఉండెనో. వాళ్ళ గ్రూపుల వాన్ని సుత నిలవెట్టిన్రేమో."

"వాని దిక్కు మాట్లాడ్తవేందన్నా?"

"ఉత్తగనే అన్న. ఆఖరికి ఆర్డర్ తీస్కున్నదెవలు?"

"...నేను."

"మరి దిమాక్ లేనిదెవలకు?"

"నాకే. ఒప్పుకుంటున్న. కానీ నవ్వులాట కాదన్నా, భయమైతుంది. నిద్ర వస్తలేదు. పిల్లలు బడికొచ్చెటాల్లకు పెట్టెలు లేకుంటే ఆ బడోళ్ళు ఊకుంటరా? మా నాయిన పెట్టిన బోర్డు అది. నా కాలంల దింపాల్సొస్తదేమో. నిన్ను అడగనీకె మొఖం లేదు. అయినా అడుగుతున్న. నీ మిషిను, నీ పనోళ్ళు..."

"రేకు నా దుకాణంల దింపు. రేపు షురూ చేద్దాం. సగం నేను చేస్త. మిగతా రెండు దుకాణాలోళ్ళకు నేను చెప్త."

"లాభం లేదన్నా. నష్టమే."

"నష్టంల సుత సగం తీస్కుంట. నాది సుత ఉంది గద అందుల."

"నీదేముంది? నీదేం తప్పు లేదు."

"ఛాయ్ తాగు."

"రేటెంతని సుత అడగవా?"

"ఎర్కే."

"ఎట్లెర్క? నేనింక చెప్పనే లేదు."

"ఛాయ్ తాగరాదురా."

"అన్నా... జెర నా దిక్కు చూడు. నువ్వు పీకించుకున్న పన్ను. పుచ్చిందేనా?"

"గట్టిదే తమ్మీ. బొల్లారం గ్రూపుల సుత ఒక పండ్ల డాక్టరున్నడు."