మోతుహారా దీవిలో ఆ పంతొమ్మిది రోజులు

1988 మార్చి 14న వన్యప్రాణి సంరక్షణ శాఖలో అడవి బాటలు కొట్టే కూలీగా ప్రవేశించిన శ్రీ హోహెపా తుతాకి గారు, ముప్పై ఏడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, మోతుహారా దీవి ప్రధాన సంరక్షకులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అడవులు నరికి మేత బీళ్లు చేసిన మనుషులూ, వాళ్ల ఓడల్లోంచి దిగిన ఎలుకలూ కలిసి ప్రధాన భూభాగంలో తీయెకే పిట్టల కూతే లేకుండా చేశాక, వేరే దీవిలో మిగిలినవాటిలో కొన్నింటిని 1996లో ఈ దీవికి చేర్చినవారిలో ఆయన ఒకరు. నేలకు దగ్గరగా తొర్రల్లో గుడ్లు పెట్టే ఆ పిట్టలకు ఎలుకను చూసి పారిపోవాలని కూడా తెలియదు.

దీవికి వెళ్లే ప్రతి సంచినీ రేవులోని మూసిన గదిలో సిమెంటు నేల మీద గుమ్మరించి వెతకాలన్న నిబంధన తుతాకి గారు పెట్టినదే. మంత్రిగారి మేజోళ్లను సైతం తిరగేయించిన ఘనత వారిది.

అటువంటి వారు 2004 అక్టోబరులో మేనమామ అంత్యక్రియల నుంచి తిరిగి వస్తున్నప్పుడు, అక్కగారు మెరాయా చిలగడదుంపలు నింపి ఇచ్చిన నారబుట్టను గుమ్మరించలేకపోయారు. చావింటి పెద్దలు చేతిలో పెట్టిన తిండిని నేల మీద పోయడానికి ఆయనకు చేతులు రాలేదు. దీవిలో వంటింటి గట్టు మీద గుడ్డ తీయగానే బుట్టలోంచి ఎలుక దూకి పొదల్లోకి మాయమైంది. అప్పటికి దీవిలో ఉన్న తీయెకేలు అరవై ఒకటి. అది గూళ్లు పెట్టే కాలం.

"దారిన పోయే ఏదో ఓడలోంచి ఈదుకొచ్చిందని రాద్దాం అన్నా. ఎవడు చూశాడు?" అన్నాడు పడవ నడిపే తెవైతి.

"అలా రాస్తే ఉచ్చులన్నీ ఒడ్డున పెడతారు. అది దూరింది నా వంటింటి వెనక్కి."

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీరా. ముందు రేడియో ఇటివ్వు."

సాయంత్రం అక్కగారు ఫోన్ చేశారు. "చచ్చిన మామయ్య ఇంటిని కాగితాల్లోకి ఎక్కిస్తావా?"

"నా పేరే రాశానక్కా. వెతకాల్సింది నేను."

ఆమె ఫోన్ పెట్టేశారు.

మూడో రోజున ఒక గూడు ఖాళీ అయింది. ఎనిమిదో రోజుకు మూడు. ఎలుక జాడ తెలియడానికి సిరా పూసి పెట్టిన పలకల మీద చిన్న పాదముద్రలు ప్రతి ఉదయం అడవి లోపలికి మరింత జరుగుతుంటే, తుతాకి గారు ఉచ్చులను వాటి వెంటే జరుపుతూ పోయారు. పదిహేనో రోజున నాలుగో గూడు పోయింది. కొత్త ఎరలను అది ముట్టడం లేదని గ్రహించి, చివరకు ఆ బుట్టలోని దుంపలనే ముక్కలు కోసి ఉచ్చుల్లో పెట్టారు. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున, వంటింటి వెనక అడవిలో రెండు వందల గజాల దూరాన, ఎలుక చిక్కింది. కడుపులో ఎనిమిది పిల్లలున్నాయి. ఇంకో వారం ఆలస్యమైతే దీవి మనకు దక్కేది కాదు.

శాఖ ఆయనకు మందలింపు పత్రం ఇచ్చింది, ఉద్యోగం తీయలేదు. ఆ పత్రం నకలును తుతాకి గారే రేవుగది గోడకు అంటించారు. అక్కగారు మాత్రం రెండేళ్లు మాట్లాడలేదు. 2011లో తుతాకి గారు ప్రధాన సంరక్షకులయ్యారు. నేడు తీయెకేలు నాలుగు వందలు దాటాయి. ఇక్కడి నుంచి మరి రెండు దీవులకు వెళ్లాయి. అయినా ప్రతి అక్టోబరులో వారు ఆ నాలుగు తొర్రల దగ్గరకూ ఒంటరిగా వెళ్లి నిలబడతారని మనందరికీ తెలుసు, ఎవరమూ అడగలేదు.

శ్రీ తుతాకి గారు ఆయురారోగ్యాలతో, మనుమల సందడి మధ్య నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, నాలుగు గూళ్ల బరువును ఇకనైనా దించుకుని, తాము నిజం చెప్పినందువల్ల బతికిన పిట్టల కూతలు వింటూ కంటినిండా నిద్రపోవాలనీ సహోద్యోగులందరి మనఃపూర్వక ఆకాంక్ష.