పాస్‌పోర్టు ఫోటోల కొంగు

ఆశకు పోయి మోసపోయిండ్రంటరేంది ఎస్సై సారూ? ఆస్తి మాట మా ఆయన చెవులకు పోతే గద!

అవ్, చెప్త. మొదటి నుంచే చెప్త.

నా పేరు మంగ్లి. మాది ములకలపల్లి దిక్కు తండా. మా ఆయన హాతీరాం బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆయన అన్న, మా రాందాసు బావ, మేస్త్రీ పనికని దుబాయ్ పోయిండు. మొదట్ల ఫోన్లు జేసిండు. ఆనక ఒక్క కబురు లేదు. మొక్కని దేవుడు లేడు, అడగని ఏజెంటు లేడు. ఆఖరుకు ఖమ్మంల నెట్ సెంటర్‌కు పోయి బావ ఫోటో, పేరు, ఊరు పెట్టిచ్చిండు మా ఆయన. ఎవరన్న చూస్తె చెప్పుండ్రి అని. గదే కొంప ముంచింది.

ఏమంటున్నరు? అవ్ సారూ, గది చూసే మెయిల్ పంపిండ్రు లుచ్చాగాళ్లు. మాకప్పుడు తెలుస్తదా?

మెయిల్ల ఒకడు నేను లాయర్ని అన్నడట. మీ అన్న కారు గుద్ది సచ్చిండు, బ్యాంకుల మస్తు సొమ్ముంది, వారసుడివి నువ్వే, ఎవరికీ చెప్పకు అన్నడట. సచ్చిండన్న కాడనే మా ఆయన కూలబడ్డడు. మిగతాది నెట్ సెంటర్ ఆయన ఒక్కడే చదువుకున్నడు.

కర్మ జేసినం సారూ. ద్వాలక్క... మా బావ పెండ్లాం... ఆమె చేతుల పెండ్లినాటి తెల్లగాజులు ఒక్కొక్కటే ఆడోళ్లు తీస్తుంటె...

ఆగండి. జర నీళ్లిప్పిస్తరా?

మరి పైసలెందుకు కట్టిండంటరా? అన్నను యాడ బొందవెట్టిండ్రో చెప్తం, పెట్టె, బట్టలు పంపుతం, ముందు ఫీజు కట్టు అన్నరు. కట్టిండు. ఆనక ట్యాక్స్ అన్నరు. ఆనక ఇంకేదో ముద్ర అన్నరు. లాయరేమో దుబాయ్‌ల, ఖాతా చూస్తె ఢిల్లీల ఎవడి పేరు మీదనో! గట్లెట్ల అని అడిగిన. ‘నోర్ముయ్, మా అన్న బట్టలన్న తెచ్చుకోనియ్’ అన్నడు.

సెలవులకు మా బిడ్డ నవత ఇంటికొచ్చింది. డిగ్రీ చదువుతది. రుజువుకని వాళ్లు పంపిన పాస్‌పోర్టు కాగితం చూసి, ‘అమ్మా, పెదనాయిన భుజం పక్కన పెద్దమ్మ కొంగెట్లుంది?’ అన్నది.

అద్దాలు కుట్టిన ఎర్ర కొంగు సారూ! మేం నెట్‌ల పెట్టిన ఫోటోనే. మొగుడు పెండ్లాలు కలిసి దిగింది. ఆమెను కత్తిరిచ్చి మాకే పంపిండ్రు. నవత ఊకోలే. మా పెదనాయిన కాలుకు ఏమైందో చెప్పుండ్రి అని రాసింది. అడవిల తునికాకుకు పోతె ఎలుగుబంటి గీరిన కాలది, తండా అంతా ఎరుక. ‘ముందు ట్యాక్స్ కట్టుండ్రి’ అని వచ్చింది జవాబు.

గప్పటి నుంచి మా ఆయన డ్యూటీకి పోతలేడు. గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నడు. ఈడికి రమ్మంటె రాలే.

ద్వాలక్కకు నేనే చెప్పిన. అది అబద్ధమక్కా, బావ యాడనో బతికున్నడేమో అని. సంతోషపడ్తదనుకున్న. ‘ఏడ్చి ఏడ్చి గిప్పుడిప్పుడే నిద్ర పడుతుంది మంగ్లీ. మళ్ల ఎదురుసూడమంటవా?’ అన్నది.

ఏం చెప్పాలె సారూ ఆమెకు? మీరన్న చెప్పుండ్రి.

ఏంది? ఎంత పోయిందనా?

రాసుకోండి, చెప్త. పైసలకైతే లెక్కుంది.