శుక్రవారం పేర్ల పుస్తకం

ఏటమ్మీ కృపా, ఆ సంచీ ఒంగిపోయి మోసుకొచ్చినావు, కొబ్బరికాయలేటి? పుస్తకాలా. సరే, కూకో. ఆ ఫోను అరుగు మీద ఎట్టీ, రికార్డయితే అవనీ, నాకేం బయం నేదు. ఏటంటావు, యూనివర్సిటీలో మేస్టర్లు రాసిన పుస్తకాలన్నీ బల్లల మీద పరిసినారా? సెట్ల సదువోల్లవి ఒక బల్ల, బాసోల్లవి ఒక బల్ల, నీల్లూ మట్టీ అన్నోల్లవి ఇంకో బల్ల. బాగుంది. అందులో మన ఉద్దానం మీదవి మూడు ఏరి ఈ ముసిలోడికి సూపించడానికి తెచ్చినావు. ఇంత సేసి నువ్వు అడగొచ్చిందేటో నాకు తెలుసులే. మా అప్ప రాసిన పుస్తకం కావాల నీ పీహెచ్‌డీకి. ఆఁ, తల దించకు. ఇత్తానో ఇవ్వనో తరవాత సెప్తాను. ముందు ఈ మూడిట్లోనూ మా అప్ప పేరు ఎక్కడుందో ఏలెట్టి సూపించు. నేదు గదా. నాకు తెలుసు నేదని.

మా అప్ప దోర్కాసంటే నాకు అక్క, మీ నాయనకి మేనత్త. నిన్ను ఒల్లో కూకోబెట్టుకొని నెత్తల్ల సేపలు ఏరుకునీది, నీకు గురుతుండదు, ఇరవై రొండేల్లయిపోనాది పోయి. బారువలో ఎండుసేపలు కొని గంప నెత్తిన ఎట్టుకొని ఊరూరూ తిరిగీది. నాను అప్పటికే పలాసలో జీడి బట్టీలో పని, నా సేతులు సూడు, ఆ నలుపు ఇంకా పోనేదు. మా అప్ప మాత్రం ఎవుల కిందా పని సెయ్యనేదు. మిసను బడిలో అయిదు సదివినాది. అచ్చరాలు ముత్యాలు. మన సంఘంలో ఆడోల్ల శుక్రవారం ప్రార్థన ఉండీది గదా, దానికి మా అప్పే పెద్ద. గంపతో తిరిగీటప్పుడు ఏ గుమ్మంలో ఎవులికి ఈ కిడ్నీల జబ్బుతో కాల్లు పొంగినాయన్నా, ఒంటేలు ఆగిపోనాదన్నా, పేరు రాసుకునీది. ఆల్లు మన సంఘమా కాదా అని సూసీది కాదు. బొట్టెట్టుకున్నోల్లే ఎక్కువ ఇచ్చీవోల్లు పేర్లు. శుక్రవారం నాడు ఒక్కో పేరూ పైకి సదివీది. ఆకరి పేరు అయినదాకా ఎవులూ మోకాల్ల మీంచి లేవకూడదు. ఒకసారి నూటెనబై పేర్లయినాయి, రెబెక్కమ్మ మోకాల్లు పట్టీసి ఇద్దరు లేపితే లేసినాది.

పేరు పక్కన నుయ్యి పేరు రాసీది. పలానా నీలయ్య, కోటగుడ్డి నుయ్యి, కాల్లు పొంగి మూడు నెల్లు. మరి ఊరికి పదిమంది నీలయ్యలుంటారు గదా, ఏ నుయ్యి నీల్లు తాగితే ఆ నుయ్యే అడ్రసు మాకు. నాను ఎక్కిరించీవోన్ని, దేవుడికి అడ్రసు కావాలేటే అప్పా అని. ‘దేవుడికి కాదురా, నాకు. మనిసి మొకం తెల్కుండా ప్రార్థన ఎలాగ సేత్తాను?’ అనీది. అదమ్మీ సంగతి. అంతకు మించి దానికేం సదువూ తెల్దు, పరిసోదనా తెల్దు. పదేల్లు రాసినాది అలాగ, రొండొందల పేజీల పుస్తకం, అట్ట సిరిగితే సీరముక్క ఎట్టి కుట్టుకున్నాది.

ఆ రోజుల్లో మేస్టర్లు వొచ్చీవోరు, సలికాలం పిట్టలొచ్చినట్టు. ముందు జయకృష్ణ గారని బాసాయన. మా అప్పని బారువ ఒడ్డున కూకోబెట్టి పది రోజులు సేపల పేర్లు, గాలుల పేర్లు, తిట్లు కూడా రాసుకున్నాడు. ఇదిగో ఆయనదే ఈ లావుది. ముందు మాటలో ఎవులెవులికి దండాలెట్టినాడో సదువు. గైడుగారికి, పెద్దాపీసరుకి, టైపు కొట్టినోడికి, ఓపిక పట్టిన బార్యకి. మా అప్ప పది రోజులు బేరం మానుకున్నాది, దాని ఓపిక ఆయనకి కనబడనేదు. తరవాత సీతారత్నం గారు, ఆకుల మేడమ్. ఆమె మంచిదేలే, మంచినీల్లడిగి తాగినాది మనింట్లో. ఆమె పుస్తకంలో బొమ్మ ఉన్నాది సూడు, ఆకు పట్టుకున్న సెయ్యి. ఆ సెయ్యి మా అప్పదే. ఆ ఏలి మీద మచ్చ మా అమ్మ అంటించిన పొయ్యిది. మొకం మాత్రం కోసీసినారు. ఆకు కనబడితే సాలు గదా సెట్లోల్లకి.

అవి నాను ఓర్సుకున్నాను. ఈ మూడోదుంది సూడు, దీన్ని సూత్తే నాకు ఒల్లు మండిపోతాది. తారకేశ్వరరావు. నీల్ల మేస్టరు. టెక్కలిలో గది తీసుకొని ఉండీవోడు, జీపులో తిరిగీవోడు, సీసాల్లో నూతుల నీల్లు పట్టీవోడు. ఒకరోజు మనింటికొచ్చినాడు. మా అప్ప బారువ ఎల్లినాది. ‘శామ్యూల్ గారూ’ అన్నాడు నన్ను. ఒలే, పుట్టి బుద్దెరిగాక నన్ను గారూ అన్నోడు ఒక్కడూ నేడు. బట్టీలో ఒరేయ్ అనీవోరు, సంఘంలో శామ్యూలూ అనీవోరు. ఆ గారూ ఇన్నాక నాకు కాల్లు నేల మీద నిలబడనేదు. కుర్సీ ఏసినాను. కాపీ కలిపి ఇచ్చినాను. మా అప్ప ఇలాగ రాత్తాదండీ అని బైబులు కిందనుంచి పుస్తకం తీసి నానే సూపించినాను. ఆడు తిప్పి తిప్పి సూసినాడు, మొకం ఎలిగిపోనాది. పది రోజుల్లో తెచ్చి ఇచ్చేత్తానండీ శామ్యూల్ గారూ అన్నాడు. ఇచ్చీసినాను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు సూడు, అలాగ. మా అప్ప సొమ్ము, నా దానం.

సాయంత్రం గంప దించి, సంగతి ఇని, మా అప్ప నన్ను తిట్టనేదమ్మీ. తిట్టినా బాగుండీది. ‘రేపు శుక్రవారం గదరా’ అన్నాది. అంతే. ఆ శుక్రవారం మోకాల్ల మీద కూకొని గురుతున్నకాడికి సెప్పినాది. నూటముప్పై దాకా వొచ్చినాయి. మరసటి శుక్రవారం నూటపది. తెల్సిన పేర్లే, ఒకటి సెప్తే ఇంకోటి జారిపోయీది. ఆ వారంలోనే మొగలిపొద నుయ్యికాడి నూకమ్మ పెనిమిటి గవరయ్య పోనాడు. నూకమ్మ ఏడిసి ఏడిసి, దినాలయ్యాక మనింటికొచ్చి గుమ్మంలో కూకున్నాది. తగువుకి కాదు. ‘దోర్కాసమ్మా, ఆ రొండు శుక్రవారాలూ మా ఆయన పేరు సదివినావా?’ అని అడిగినాది. మా అప్పకి అబద్దం రాదు. సదవనేదమ్మా, మరిసిపోనాను అన్నాది. నూకమ్మ లేసి ఎలిపోనాది. ఆ తరవాత మా అప్ప గంప ఎత్తుకొని ఆ ఈదిలోకి ఎల్లనేదు, ఎప్పుడూ ఎల్లనేదు.

సదివితే బతికీసీవోడా అంటావు. అవన్నీ నన్నడక్కు. ఇది బతకడం గురించి కాదు.

మూడుసార్లు తీసుకెల్లినాను మా అప్పని యూనివర్సిటీకి, పుస్తకం అడగడానికి. మొదటిసారి, టైపుకిచ్చినానండీ అన్నాడు. రొండోసారి బంట్రోతు సేత సెప్పించినాడు, మీటింగులో ఉన్నానని. మూడోసారి వరండాలోనే దొరికినాడు. మా అప్పని సూసి ‘ఏ పుస్తకం?’ అన్నాడు. అప్పుడు నన్ను గారూ అననేదు. ఏరు దాటినాక తెప్ప తగలెట్టీసినాడు నాకొడుకు. నా సేతులు ఊరుకోనేదు, సొక్కా పట్టీసుకుందునే, మా అప్పే నా మోచెయ్యి పట్టుకొని బస్సెక్కించినాది. దారంతా పేర్లు గొణుక్కుంటానే ఉన్నాది.

ఇప్పుడు నువ్వు తెచ్చిన ఈ పుస్తకం సూడు. పట్టికలు. రోగి ఒకటి, రోగి రొండు, రోగి నూటెనబై. నుయ్యి పేరుంది, నెల్లు ఉన్నాయి, మనిసి నేడు. కింద సన్న అచ్చరాల్లో ఏటుందో నువ్వే సదివినావు గదా ఇందాక. ‘ఒక నిరక్షరాస్య మహిళ నోటిమాటగా అందించిన సమాచారం.’ నిరక్షరాస్య. దాని అచ్చరాలు తెచ్చుకొని, దానికే అచ్చరం ముక్క రాదని అచ్చేసీసినాడు. మా అప్పకి రాదని ఎందుకన్నాడో తెలుసా? రాత్తాదని ఒప్పుకుంటే రాసినోల్లు ఎవులని అడుగుతారు. ఈ పుస్తకానికి శాలువా కూడా కప్పినారంట. ఇప్పుడు మూలపేట పోర్టు మీద ఇంకోటి రాత్తన్నాడని నువ్వే సెప్పినావు. రాయనీ. ఆ పోర్టున్న సంతబొమ్మాలి ఎల్లి ఇంకెవుల్ని గారూ అంటాడో.

ఏటంటావు? రోగుల పేర్లు అచ్చెయ్యకూడదని రూలున్నాదా? మంచి రూలే, ఒప్పుకుంటాను. ఒకరి రోగం ఊరంతా సదవక్కర్నేదు. మరి మా అప్ప రోగి కాదు గదా, రాసినోల్లు. రాసినోల్ల పేరు ఎయ్యకూడదని ఏ రూలులో ఉన్నాది? నీ పుస్తకంలో మొదటి కాగితం మీద ఎయ్యి. దోర్కాసు, ఎండుసేపల బేరం, బారువ. అలాగే ఎయ్యి.

ఉండు. ఆ బైబులు ఇలాగ తే. దాని కిందది. ఇది రొండో పుస్తకం. యూనివర్సిటీ నుంచి వొచ్చినాక మా అప్ప ఏడాది పాటు గురుతు తెచ్చుకొని మల్లీ రాసినాది. ఆకర్న తన పేరు కూడా తనే రాసుకున్నాది, సూడు, మన ఇంటి నుయ్యి, కాల్లు పొంగి నెల అని. అది పోయినకాడి నుంచి పెతీ శుక్రవారం నానే సదువుతన్నాను, ఒక్కన్నే, ఈ అరుగు మీదే. ఈ కల్లకి పొర కమ్మి నాలుగు నెల్లయింది, అచ్చరాలు కనబడక సదవనేదు. పదహారు శుక్రవారాలు అమ్మీ. లెక్కెట్టుకుంటన్నాను.

పుస్తకం గుమ్మం దాటదు. నువ్వే వొచ్చి రాసుకో, ఎన్నాల్లు పట్టినా కూడెడతాను. ఇయ్యాల వారం ఏటి? అదే మరి. మొదటి పేజీ తియ్. ఎవుల పేరున్నాది? గవరయ్య. నూకమ్మ పెనిమిటి, మొగలిపొద నుయ్యి. ఆఁ. ఆడితోనే మొదలెట్టినాది మా అప్ప. ఆకరి దాకా సదవాల, మద్దెన లేవకూడదు. గట్టిగా సదువు, నాకు సరిగ్గా ఇనబడదు.

ముందు ఆ ఫోను ఆపీ.