ఆముదం పూసిన మోకు

ఈదయ్య తాటిచెట్లెక్కేటోడు. కల్లుగీసే మనిషికి మోకే ప్రాణం గదా, చెట్టునూ నడుమునూ కలిపి పట్టే తాడు అది. వాళ్ళమ్మ బుచ్చవ్వ రోజూ పొద్దుగాల ఆ మోకును ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ళతోని తడిమి, అప్పుడు కొడుకు చేతికిచ్చేదంట. ఆమె పెనిమిటి మోకు తెగి, కింద పడి చనిపోయిండు. అప్పటిసంది ఆ అలవాటు. ఊర్ల ఎవరు కొత్త మోకు తెచ్చుకున్నా ముందు ఆమెకే చూపెడుదురు, గంత నమ్మకం అనుకో.

గా ఇంటికి సాయవ్వ కొత్త కోడలుగ వచ్చింది. వాళ్ళ నాయన చెట్లు విడిచిపెట్టి వ్యవసాయం పట్టినోడు. బాయికాడికి పోయినా పెండ్లానికి 'పోయొస్తనే' అని చెప్పిపోయేటోడంట. ఈదయ్య ఏమో మోకు భుజానేసుకొని, వెనక్కి చూడకుండ పోతడు. నెల చూసింది, రెండు నెలలు చూసింది. "అత్తా, నీ కొడుక్కు నా మీద ప్రేమ లేదు" అన్నదంట. బుచ్చవ్వ నవ్వి, "వానికి మాటలు తక్కువ బిడ్డా. నాకు తేలు కుట్టిననాడు తెల్లందాక పక్కనే కూసున్నడు గని, నొప్పున్నదా అని ఒక్క మాట అడగలె" అన్నది. కోడలికి అది ఎక్కలేదు. తల్లి రోజూ మోకు తడుముతది, నేను గూడ ఆయనకు నా చేత్తో ఏదన్న చేయాలె అనుకున్నది.

ఏమైందంటే, బుచ్చవ్వ ఒకనాడు బిడ్డింటికి పోయింది. సాయవ్వ మాపటికి మోకు తీసుకొని, నిండుగ ఆముదం పట్టిచ్చింది. పుట్టింట్ల బాయి నీళ్ళు తోడే మోట తోలుకు నాయన అట్లనే పట్టిస్తుండె, పగలకుండ. పాపం, ఆమెకు తెలిసిన ప్రేమ అది. చెట్టును పట్టుకోవాల్సిన తాడు నూనెకు జారుతదని ఆమెకేం తెలుసు, మీరే చెప్పుండ్రి.

తెల్లారి ఈదయ్య మోకు పట్టుకున్నడు, వేళ్ళకంటిన జిడ్డు ధోతికి తుడుసుకున్నడు, మోకు భుజానేసుకొని పోయిండు. పొద్దెక్కినంక అత్త వచ్చింది. "నువ్వు లేకున్నా మోకు నేను చూసిన అత్తా, ఆముదం గూడ పట్టిచ్చిన" అని కోడలు సంబురంగ చెప్పింది. బుచ్చవ్వ చేతిల మూట కింద పడ్డది. చెప్పులు గూడ లేకుండ తాటివనం దిక్కు ఉరికింది, ఎనుక కోడలు.

పోయి చూస్తే, ఈదయ్య చెట్టు కింద కూసొని, జిడ్డు పోవాలని మోకుకు బూడిద రాస్తున్నడంట. చుట్టూ తోటి గీతగాండ్లు. "ఏందిరా ఈదిగా, పెండ్లయినంక చెట్టు ఎత్తు పెరిగిందా?" అని ఒకడు. "కాలు బెణికిందన్నా" అని ఈదయ్య. అంతల ఒక ముసలాయన మోకు వాసన చూసి, "ఇది ఆముదం గదరా, ఎవరి పనిరా ఇది?" అన్నడు. సాయవ్వ నోరు తెరిచింది. బుచ్చవ్వ ఆమె చెయ్యి గట్టిగ ఒత్తి, "నేనే పూసిన నాయనా. కండ్లు కనిపిస్తలేవు, మతి గూడ పోతున్నది" అన్నది. ఇగ చూడు, ఆ ఊర్ల ఆమెకున్న పేరంత ఆ ఒక్క మాటతోని పోయింది.

ఇంటికొచ్చినంక సాయవ్వ ఏడ్చుకుంట మొగణ్ణి అడిగింది, నా పేరు ఎందుకు చెప్పలేదని. "కాలు నొప్పంటే రెండు రోజులు నవ్వుతరు. నీ పేరు చెప్తే నువ్వు ముసలిదానివయ్యేదాకా నవ్వుతరు" అన్నడు. మరి పోయేటప్పుడు ఒక్క మాట చెప్తే ఏమైతది అన్నది. "చెట్టు మీద నువ్వు యాదికొస్తే చెయ్యి తప్పుతది. అందుకే నిన్ను ఇంట్లనే విడిచిపోత" అన్నడంట. ఆయన జన్మల అదే పెద్ద మాట.

నాలుగోనాడు ఒకామె కొత్త మోకు పట్టుకొని వీళ్ళ వాకిలి దాటి పోతున్నది, బుచ్చవ్వ దిక్కు చూడకుండ. సాయవ్వ ఉరికి అడ్డం నిలబడ్డది. "అక్కా, ఆముదం పూసింది నేను, మా అత్త కాదు. నవ్వుకుంటె ఊరంత నవ్వుకోండ్రి, గని మోకు మాత్రం మా అత్తకు చూపెట్టిపో" అన్నది. నవ్విండ్రు, చాన దినాలు నవ్విండ్రు. బుచ్చవ్వ మాత్రం మర్నాటిసంది మోకు కోడలి చేతుల పెట్టి, "నువ్వు తడుము, నేను చూస్త" అన్నదంట.

గా ముగ్గురిల ఎవరి ప్రేమ పెద్దదంటే నాకు ఇప్పటికీ తెలువది. మా ముసలాయన యాభై ఏండ్లల్ల ఒక్కసారి పులుసు బాగున్నదన్నడు. జరమొచ్చిందేమోనని నొసలు పట్టి చూసిన.